టీచరుగారు పంచిపెట్టిన కారు

ఉదయం ఎనిమిదింటికి మెకానిక్ వచ్చి షెడ్డు తలుపులు తీసేసరికి టీచరుగారు అప్పటికే గుమ్మంలో ఉంది. చేతిలో ఫ్లాస్కు, చంకలో సంచి, మొహంలో పెళ్ళికళ. అరవయ్యారేళ్ళ మనిషి, రాత్రంతా కునుకు తీయలేదు. నిన్న సాయంత్రం ఆవిడ పాత కారు, ఎనిమిదేళ్ళ తర్వాత, దగ్గింది, తుమ్మింది, కాసేపు మొరాయించి చివరికి స్టార్టయింది. ఆ చప్పుడు ఇంకా చెవుల్లో మోగుతుంటే నిద్ర ఎక్కడిది?

టీచరుగారంటే పలకా బలపం టీచరు కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ఊరికి కారు నడపడం నేర్పింది. ఊళ్ళో స్టీరింగు పట్టుకున్నవాళ్ళలో సగం మంది ఆవిడ పక్కన కూర్చుని చెమటలు కక్కినవాళ్ళే. ఆవిడకు ఎవరి పేరూ గుర్తుండదు గానీ ఎవరి తప్పూ మర్చిపోదు. అందుకే శిష్యులందరికీ తప్పుల్ని బట్టే పేర్లు పెట్టింది. మొదటి గేరు అనుకుని వెనక్కి పోయేవాడు రివర్సు. రెండో గేరు దాటని పిల్ల నత్త. ఒకే గోడను మూడుసార్లు గుద్దినవాడు గోడ. వాళ్ళకిప్పుడు తలలు నెరిసి, నలుగురిలో పెద్దరికం వచ్చినా, ఆవిడ నోట మాత్రం ఆ పేర్లే.

ఆ డ్రైవింగు స్కూల్లో ఒక ఆచారం ఉండేది. మొట్టమొదటి శిష్యుడికి లైసెన్సు వచ్చిన రోజున ఆనందం పట్టలేక ఆవిడ కారులోంచి సిగరెట్ బూడిద రాల్చే డబ్బా ఊడబెరికి "ఇదిగో, గుర్తుగా ఉంచుకో" అని చేతిలో పెట్టింది. అంతే, ఆ తర్వాత పాసైన ప్రతివాళ్ళూ చెయ్యి చాపారు. పోయేదేముందిలే అనుకుంది ఆవిడ. చక్రాల మూతలు పోయాయి, డిక్కీ మీది అక్షరాలు ఒక్కొక్కటే పోయాయి, తలుపుల లోపలి పిడులు పోయాయి. స్కూలు మూసేసి కారును షెడ్డులో పడేశాక ఇక ఆవిడ చేతికి ఎముకే లేకుండా పోయింది. ఆలస్యంగా గుర్తొచ్చి వచ్చినవాళ్ళకు అడిగిందల్లా ఇచ్చేసింది. మిగిలిన ఇనుపముక్కలు షెడ్డుకు అడ్డమని పాతసామాన్లవాడికి తూచి అమ్మేసింది.

అలా చేజేతులా చేసుకున్నదంతా మూడు వారాల కిందట ఒక్క ఉత్తరంతో మెడకు చుట్టుకుంది. రవాణా ఆఫీసు వాళ్ళు రాశారు. పాత కార్లు ఈ నెలాఖరులోగా ఆఫీసుకు వచ్చి పరీక్ష నెగ్గాలి, లేకపోతే నంబరు రద్దు చేసి బండిని తుక్కు చేసేస్తారు. చదివి టీచరుగారు కుర్చీలో కూలబడింది. ఆ కారంటే తనకెంత ప్రాణమో అప్పుడు తెలిసొచ్చింది. ఇంకో సంగతి కూడా తట్టింది. ముప్పై ఒక్క ఏళ్ళూ ఆ కారులో పక్క సీట్లోనే కూర్చుంది. పొద్దున శిష్యులు, సాయంత్రం శిష్యులు. సరదాకి, తన కోసం, ఒక్కసారైనా ఆ కారు నడిపిన పాపాన పోలేదు. ఒక్కసారి నడపాలి. అది కావాలి ఆవిడకు, మరేమీ అక్కర్లేదు.

నెలాఖరు ఇవాళే. ఆఫీసు నాలుగింటికి మూసేస్తారు.

"ఇంజను సంగతి నేను చూసుకున్నా టీచరుగారూ," అన్నాడు మెకానిక్, ఫ్లాస్కు మూతలో కాఫీ ఒంపుకుంటూ. "బజార్లో దొరికేవన్నీ తెచ్చి వేశా. మూడు మాత్రం ఈ మోడలువి ఎక్కడా దొరకట్లేదు. గేరు రాడ్డు మీది గుండు, హారను, లోపలి అద్దం. అవి లేకపోతే గేటు దగ్గరే వెనక్కి పంపించేస్తారు. ఎవరికిచ్చారో ఏమైనా గుర్తుందా?"

"గుండు రివర్సుకి, హారను నత్తకి, అద్దం గోడకి," అంది ఆవిడ తడుముకోకుండా. "పన్నెండింటికల్లా మూడూ తెచ్చి నీ ముందు పెడతా. నువ్వు టైర్లలో గాలి చూడు."

అని, తాగని కాఫీ అక్కడే వదిలేసి బయటపడింది. వీధిలో నడుస్తున్నంతసేపూ తనను తాను తిట్టుకుంటూనే ఉంది. ఎవరైనా కారును ప్రసాదంలా పంచుతారా? బుద్ధున్న మనిషి చేసే పనేనా? పోనీ చేస్తే చేసింది, ఒక ఫోటో ఇవ్వచ్చు, కలం ఇవ్వచ్చు, గేరు గుండే ఇవ్వాలా? తిట్టుకుంటోందే గానీ అడుగులు మాత్రం పరుగులా పడుతున్నాయి.

రివర్సు ఇప్పుడు పళ్ళ డాక్టరు. టీచరుగారు వెళ్ళేసరికి ఒక పెద్దమనిషి కుర్చీలో వెల్లకిలా పడుకుని నోరు తెరుచుకుని ఉన్నాడు. డాక్టరు ఆ నోట్లోకి వంగి ఉన్నాడు. గేరు గుండు వెతకాల్సిన పనే లేకపోయింది. పనిముట్ల సొరుగుకు పిడిగా బిగించి ఉంది, నల్లగా, నున్నగా, మీద గేర్ల అంకెలు సగం చెరిగిపోయి.

"రివర్సూ, అది నాకు కావాలి. ఇప్పుడే."

డాక్టరు తల కూడా ఎత్తకుండా నవ్వాడు. "ఒక్క నిమిషం టీచరుగారూ. పన్ను సగంలో ఉంది."

"నీ పన్ను ఎక్కడికీ పోదు. నా కారు పోతుంది."

సంగతేమిటో ఆవిడ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. కుర్చీలోని పెద్దమనిషి అంతా విన్నాడు, వినక చేసేదేముంది. చివరికి తనే "ఆఁ, ఆఁ" అని చేత్తో సొరుగు వైపు సైగ చేశాడు, ముందు ఆవిడ సంగతి చూడమని. డాక్టరు ఉన్నపళంగా మోకాళ్ళ మీద కూర్చుని గుండును తిప్పి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "రోజూ దీన్ని పట్టుకు లాగినప్పుడల్లా మీరు అరిచినట్టే ఉంటుంది టీచరుగారూ, ముందుకి, ముందుకి అని," అన్నాడు. ఆవిడకు కళ్ళు చెమ్మగిల్లాయి గానీ ఏడవడానికి టైము లేదు.

నత్తది రొట్టెల వ్యాపారం. దుకాణంలో లేదు, వ్యానేసుకుని రొట్టెలు పంచడానికి వెళ్ళిందన్నారు. ఎటు వెళ్ళిందో ఎవరికీ తెలీదు. టీచరుగారు నడివీధిలో నిలబడి ఏం చెయ్యాలో తోచక చుట్టూ చూస్తుంటే, రెండు వీధుల అవతల ఎక్కడో తన హారను మోగింది. లక్ష హారన్లలో ఉన్నా ఆవిడ దాన్ని గుర్తు పడుతుంది. మొదట లావుగా మొదలై, చివర సన్నగా విరుగుతుంది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగు లంకించుకుంది. మందుల దుకాణం పక్క సందులో దూరి, ఆరేసిన దుప్పట్ల కింద నుంచి వంగి, ఎవరి పెరట్లోంచో అడ్డంగా పడి అవతలి వీధిలో తేలింది. పెరటి యజమానురాలు ఏదో అంటోంది, తర్వాత క్షమాపణ చెప్పుకోవచ్చు. హారను ఈసారి కుడివైపు మోగింది. కుడికి పరుగెత్తింది. రొట్టెల వ్యాను మలుపు తిరుగుతుండగా దానికెదురుగా రెండు చేతులూ చాపి నిలబడింది.

వ్యాను కీచుమని ఆగింది. "టీచరుగారూ! చచ్చిపోదామనా?" అని నత్త తల బయట పెట్టి కేక పెట్టింది.

"చావను. హారను ఇవ్వు."

నత్త విషయం వినీ వినగానే తలుపు తోసింది. "ఎక్కండి. ఇక్కడ విప్పుతూ కూర్చుంటే లేటవుతుంది. నేనే మీ షెడ్డుకి తీసుకొచ్చి విప్పిస్తా. ఇంకెక్కడికైనా వెళ్ళాలా?"

"గోడ దగ్గరికి. మంగలి షాపు."

ఒకప్పుడు రెండో గేరు దాటని ఆ పిల్ల ఇప్పుడు వ్యానును గాలిలా తోలుతోంది. రొట్టెల తట్టలు వెనక దడదడలాడాయి. ప్రతి మలుపులోనూ టీచరుగారి కుడికాలు తనంతట తానే బ్రేకు తొక్కినట్టు నేలకు అదుముకుపోయింది. నత్త అది చూసి పగలబడి నవ్వింది. "ఇంకా పోలేదా టీచరుగారూ మీకా అలవాటు?" అంది.

గోడ దగ్గర మాత్రం నవ్వులేమీ లేవు. కారులోని వెనక చూసే అద్దం అతని షాపులో గోడ మీద ఒక కడ్డీకి అమర్చి ఉంది. మెడ వెనక జుట్టు ఎలా కుదిరిందో దాంట్లోనే అందరికీ చూపిస్తాడు. సంగతంతా విని అతను కత్తెర బల్ల మీద పెట్టాడు.

"ఇచ్చినదాన్ని మళ్ళీ అడుగుతారా టీచరుగారూ? నాలుగోసారి పాసయ్యానండీ నేను. ఎంత ఏడిస్తే వచ్చిందో మీకు తెలుసు. అది నాకు ఊరికే వచ్చింది కాదు."

పొద్దుటి నుంచీ తన కారు, తన వస్తువు అనుకుంటోంది గానీ, ఇచ్చిన రోజే అవి తనవి కాకుండా పోయాయన్న సంగతే తట్టలేదు. సిగ్గుతో ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. "నిజమే నాన్నా. తప్పే. నీదే అది. ఈ ఒక్క పూటకి అప్పుగా ఇవ్వు. రేపు నేనే తెచ్చి ఇక్కడ తగిలిస్తాను," అంది.

గోడ అద్దం తీసి, శుభ్రంగా తుడిచి మరీ ఇచ్చాడు. "పాసవ్వండి ముందు," అన్నాడు. మొహం మాత్రం చిన్నబోయే ఉంది.

పన్నెండు కొట్టేసరికి మూడూ షెడ్డులో ఉన్నాయి. నత్త హారను విప్పించి రొట్టెలు పంచడానికి పరుగెత్తింది. మెకానిక్ గుండు బిగించాడు, అద్దం తగిలించాడు, హారను మోగించాడు. పాత గొంతు షెడ్డంతా నిండిపోయింది. టీచరుగారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

అప్పుడు మెకానిక్ ఆఫీసు కాగితం తీసి, ఒక్కో వరుసా చదువుతూ టిక్కులు పెట్టడం మొదలుపెట్టాడు. చివరి వరుస దగ్గర అతని కలం ఆగిపోయింది.

"టీచరుగారూ, ఈ బండి రిజిస్ట్రేషను డ్రైవింగు స్కూలు బండిగా ఉంది. అంటే పక్క సీటు కింద మీ బ్రేకు ఉండాలి. అదెవరికిచ్చారు?"

ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. శిష్యుడు తప్పు చేస్తే టీచరు తొక్కే రెండో బ్రేకు అది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆవిడ కాలి కింద అరిగిన పెడల్. దాన్నెవరికిచ్చిందో గుర్తు లేకపోవడమేం, బాగా గుర్తుంది. కన్నకూతురికి ఇచ్చింది.

కూతురికి పంతొమ్మిదేళ్ళప్పుడు నేర్పడం మొదలుపెట్టింది ఆవిడ. రెండేళ్ళు నేర్పింది. ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని రెండు నెలల్లో పరీక్షకు పంపే మనిషి, సొంత కూతుర్ని మాత్రం రెండేళ్ళయినా పంపలేదు. పిల్ల కాస్త వేగం పెంచితే చాలు, తల్లి కాలు బ్రేకు మీద పడేది. ఇంకా కుదురు రాలేదు, ఇంకా చూపు నిలవట్లేదు, వచ్చే నెల చూద్దాం. ఒకరోజు ఆ పిల్ల కారు రోడ్డు మధ్యలో ఆపేసి, దిగి, నడిచి ఇంటికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎక్కలేదు. స్కూలు మూసేసిన రోజున మాత్రం వచ్చి, "అమ్మా, ఆ బ్రేకు పెడల్ నాకివ్వు," అంది. ఎందుకని ఆవిడ అడగలేదు. కూతుర్ని వట్టిచేతులతో పంపితే బాగుండదని విప్పి ఇచ్చేసింది.

కూతురు ఆస్పత్రి మందుల గదిలో పని చేస్తుంది. నాలుగుసార్లు చేసినా ఫోను ఎత్తలేదు, అయిదోసారికి ఎత్తింది. అంతా వింది.

"నా దగ్గరే ఉందమ్మా. ఇంటికెళ్ళి తెస్తాను. నేరుగా ఆఫీసుకి వచ్చేస్తా," అంది.

దారిలో ఇంజను మొరాయిస్తే చూసుకోవాలని మెకానిక్కే కారు తోలాడు. టీచరుగారు అలవాటు కొద్దీ పక్క సీట్లో కూర్చుంది. ఇవాళ్టికి ఇదే చివరిసారి, సాయంత్రం నేనే నడుపుతా అని దారి పొడుగునా చెబుతూనే ఉంది. మూడుంబావుకి ఆఫీసు చేరారు. మూడున్నరకు కూతురు బస్సు దిగి, గుడ్డసంచి గుండెలకు అదుముకుని పరుగెత్తుకొచ్చింది. పెడల్ మీద తుప్పు మచ్చ లేదు. నూనె రాసి ఉంది.

మెకానిక్ దాన్ని పుచ్చుకుని కారు కిందికి దూరాడు. రెండు నిమిషాల్లో బయటికొచ్చాడు, మొహం వేలాడేసుకుని.

"పెడల్ బంగారంలా ఉంది. దీన్ని అసలు బ్రేకుతో కలిపే కడ్డీ ఏది?"

టీచరుగారు తల పట్టుకుంది. మూరెడు పొడుగు ఇనుపకడ్డీ. షెడ్డుకు అడ్డమని పాతసామాన్లవాడి తక్కెడలో తనే పడేసింది. మళ్ళీ చేయించాలంటే రెండు రోజులు పడుతుంది. అరగంటలో ఆఫీసు మూసేస్తారు.

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. ఆవిడ ఏడుపు మొహం చూసి తనే దారి చెప్పాడు. "స్కూలు బండి అని ఎందుకు పట్టుబడతారు? స్కూలే లేదుగా. సొంత బండిగా మార్పించుకోండి, పక్క బ్రేకుతో పనే లేదు. కాకపోతే పరీక్షలో బండిని యజమాని నడపాలి, లేదా ఇంట్లోవాళ్ళు నడపాలి. బయటివాళ్ళు పనికిరారు."

టీచరుగారికి ప్రాణం లేచొచ్చింది. "యజమానిని నేనే! నేనే నడుపుతా!" అని సంచిలోంచి లైసెన్సు తీసి ఠీవిగా అందించింది. ఇన్‌స్పెక్టరు దాన్ని చూశాడు, ఆవిడను చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు.

"ఇది చెల్లక ఏడేళ్ళయిందమ్మా."

ఊరందరి లైసెన్సుల తారీఖులూ వేళ్ళ మీద చెప్పగల మనిషి తనది చూసుకోలేదు. స్కూలు మూసేశాక బస్సుల్లో తిరగడమే, ఇక చూసుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది. ఆవిడ ఆ చిన్న కార్డును చూస్తూ నిలబడిపోయింది. గోడ మీద గడియారంలో నాలుగుకు పదిహేడు నిమిషాలుంది.

"నేను నడుపుతాను," అంది కూతురు.

టీచరుగారు చిరాగ్గా తిరిగింది. "నీకు లైసెన్సెక్కడిదే?"

"పాసైతే ఇస్తారమ్మా," అని కూతురు హ్యాండుబ్యాగులోంచి తీసి ఇన్‌స్పెక్టరు చేతికిచ్చింది. "తొమ్మిదేళ్ళయింది. రైలు గేటు అవతలి స్కూల్లో నేర్చుకున్నా. మా ఆస్పత్రి మందుల వ్యాను వారానికి రెండుసార్లు నేనే తోలుతాను."

రైలు గేటు అవతలి పోటీ స్కూలు! ఆ మాట వింటే చాలు టీచరుగారికి ఒళ్ళు మండేది. ఇవాళ మండలేదు. తొమ్మిదేళ్ళు అని మనసులో అనుకుంది. స్కూలు మూసింది ఎనిమిదేళ్ళ కిందట.

"అంటే, నువ్వు ఆ పెడల్ అడిగిన రోజుకి..."

"పాసయ్యానుగా. లైసెన్సు వచ్చినవాళ్ళందరికీ ఒక ముక్క ఇచ్చేదానివి. నా ముక్క నేను తీసుకున్నాను." "నువ్వు ఇచ్చావు. ఎందుకని ఒక్క మాటైనా అడుగుతావేమోనని చూశాను. అడగలేదు."

టీచరుగారికి ఆ క్షణాన భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇంత కాలం పారేసుకున్నదంతా ఇనుమే అనుకుంది ఆవిడ. ఏదో అనబోయింది. ఇన్‌స్పెక్టరు గడియారం వైపు చూపించాడు.

"ఎక్కండి, ఎక్కండి!" అని మెకానిక్ ఇద్దర్నీ తోశాడు. కూతురు స్టీరింగు వెనక, తల్లి పక్క సీట్లో. కారు కదిలింది. మలుపు సాఫీగా తిరిగింది. వెనక్కి వెళ్ళి రెండు గీతల మధ్య బెత్తెడు తేడా లేకుండా ఆగింది. టీచరుగారు ఊపిరి బిగబట్టి చూస్తోంది. తను నేర్పని పద్ధతిలో, తన పద్ధతి కన్నా సుతారంగా నడుపుతోంది ఆ పిల్ల.

మైదానం చివర మట్టితో పోసిన ఎత్తు ఉంది. దాని నడుమ బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ పైకెక్కాలి. సగం ఊరు ఫెయిలైంది అక్కడే. కూతురు నడుమ ఆపింది. మళ్ళీ కదలబోయింది. ముసలి ఇంజను ఒక్కసారి మూలిగింది. కారు జానెడు వెనక్కి జారింది. కూతురు చేతులు బిగుసుకున్నాయి. ఓరగా తల్లి వైపు చూసింది. ఆ చూపు టీచరుగారికి తెలుసు. ఇరవయ్యేళ్ళ కిందట పక్క నుంచి రోజూ అదే చూపు, ఇప్పుడు బ్రేకు పడుతుంది, ఇప్పుడు తిట్టు పడుతుంది అని. ఆ భయంతోనే పిల్ల కాలు యాక్సిలరేటరు మీద తేలిపోతోంది. ఇంజను గొంతు సన్నబడిపోతోంది. ఇంకొక్క క్షణమైతే ఆగిపోతుంది, ఆగితే అంతా అయిపోతుంది.

"తొక్కు!" అని అరిచింది టీచరుగారు.

కూతురు బిత్తరపోయింది. "ఏంటమ్మా?"

"తొక్కవే తల్లీ! నాకేం భయం లేదు, తొక్కు! ఇంకా తొక్కు!"

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ సీట్లోంచి ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదలు. కూతురు కాలు దిగింది. ఇంజను గాండ్రించింది. కారు ఒక్క ఊపున ఎత్తెక్కి, ముందు చక్రాలు శిఖరం దాటి, పైన ధీమాగా నిలబడింది. కింద ఇన్‌స్పెక్టరు కాగితం మీద సంతకం పెట్టి, చెయ్యి పైకెత్తి ఊపాడు. మెకానిక్ అక్కడే గంతులేస్తున్నాడు.

కూతురు స్టీరింగు మీద తల ఆనించి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఉంది. టీచరుగారు ఆ తల మీద చెయ్యి వేసింది. కాసేపటికి కూతురు లేచి కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు నడపాలనుకున్నావట కదమ్మా. మెకానిక్ చెప్పాడు. ఇక్కడ రోడ్డు కాదు, ఎవరూ ఏమీ అనరు. ఇటు రా. కిందిదాకా నువ్వు తీసుకెళ్ళు."

టీచరుగారు స్టీరింగు వైపు చూసింది. ఆశగా చూసింది. తర్వాత తన పక్క కిటికీ అద్దం కిందికి దించుకుని, వెనక్కి హాయిగా ఆనుకుంది.

"నాకు లైసెన్సు లేదే," అంది. "నువ్వే నడుపు."